పిండడం, ఆరడం: ఒక డ్రయరు మోటారు ముచ్చట

తడి బట్టకు సంబంధించిన క్రియలు తెలుగులో చాలా ఉన్నాయి. జాడిస్తాం, పిండుతాం, విదిలిస్తాం, దులుపుతాం, ఆరవేస్తాం, ఎండవేస్తాం. వీటిలో ఏ రెండూ ఒకటి కావు. బట్ట నీడపట్టునైనా గాలికి ఆరుతుంది. ఎండాలంటే మాత్రం సూర్యుడు కరుణించాలి. ఎండకూ ఎండుటకూ ఉన్న చుట్టరికం వ్యాకరణం చదవనివారి చెవికి కూడా తెలుస్తుంది. ఇంత వివక్ష గల భాషలో పుట్టిన మనం, ఇంట్లో వాషింగ్ మెషిన్ పక్కన ఉన్న చిన్న తొట్టిని మాత్రం డ్రయరు అని పిలుస్తున్నాం. నిజానికి అది బట్టను ఆరవేయదు, ఎండవేయదు. పిండుతుంది, అంతే. ఆ పిండడమే వానకాలంలో ఒక ఇంటికి ఎంత ఆధారమో వ్రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

అమీర్‌పేటలో ధరమ్ కరమ్ రోడ్డు వెనుక సందులో మాది రెండవ అంతస్తు వాటా. పైకప్పు మీద నీళ్ళ ట్యాంకులూ, డిష్ గొడుగులూ పోగా మిగిలిన చోటుకు తాళం వేసి ఉంటుంది. వెనుక బాల్కనీకి ఇనుప ఊచలు, ఊచలకు నాలుగు ప్లాస్టిక్ తాళ్ళు. ఎదురు భవనం గోడ చేతికందేంత దూరంలో ఉంటుంది కనుక మాకు ఎండ అన్నది మధ్యాహ్నం పూట ఓ అరగంట చుట్టపుచూపుగా వచ్చిపోతుంది. ఇటువంటి ఇళ్ళు అమీర్‌పేట నుంచి పంజగుట్ట దాకా వేలల్లో ఉన్నాయి. మైత్రీవనం చుట్టుపక్కల కంప్యూటరు కోర్సులకు వచ్చిన పిల్లలు ఒక్కో గదిలో నలుగురేసి ఉండే హాస్టళ్ళలో అయితే తాళ్ళు కూడా ఉండవు. కిటికీ ఊచలే దండెం.

2014లో మేము కొన్నది రెండు తొట్ల సెమీ ఆటోమేటిక్ యంత్రం. ఒక తొట్టి ఉతుకుతుంది, రెండవది పిండుతుంది. రెండింటికీ వేర్వేరు మోటార్లు. ఉతికే మోటారు కాసేపు కుడికి, కాసేపు ఎడమకు తిరగాలి కనుక దాని రెండు వైండింగులూ సరిసమానంగా ఉంటాయి. పిండే మోటారు ఎప్పుడూ ఒకే దిక్కుకు తిరుగుతుంది. మన కరెంటు 50 హెర్ట్‌జ్. నాలుగు ధ్రువాల మోటారుకు ఆ లెక్కన నిమిషానికి 1500 చుట్లు అవధి. బరువు మోస్తూ 1350 ప్రాంతంలో తిరుగుతుంది. బుట్ట అర్ధవ్యాసం 12 సెంటీమీటర్లనుకొని లెక్క వేస్తే, బుట్ట అంచున ఉన్న నీటిబొట్టును బయటికి నెట్టే బలం భూమి దాన్ని కిందికి లాగే బలానికి దాదాపు 240 రెట్లు. ఏ చాకలి మణికట్టుకూ లేని బలం అది. అందుకే డ్రయరులో మూడు నిమిషాలు తిరిగిన దుప్పటి ఫ్యాను కింద రాత్రికి రాత్రే ఆరుతుంది. చేత్తో పిండినది వానరోజుల్లో రెండవ రోజుకు కూడా చెమ్మ వదలదు, మూడవ రోజుకు ముక్కవాసన పట్టుకుంటుంది.

మా అమ్మకు 2022లో తుంటి ఎముక విరిగింది. శస్త్రచికిత్స అయింది గానీ ఎనభై ఆరేళ్ళ వయసులో మళ్ళీ నడక రాలేదు. మంచమే లోకమైంది. మంచంలో ఉన్న మనిషి ఇంటికి ఎన్ని బట్టలు కావాలో అనుభవించినవారికే తెలుసు. రోజుకు నాలుగు పక్కగుడ్డలు, రెండు దుప్పట్లు, పాత చీరల ముక్కలు లెక్కలేనన్ని. పెద్దలకు కట్టే డైపర్లు రాత్రిపూట వాడేవాళ్ళం. పగలంతా కడితే ఆమె చర్మం ఒరుసుకుపోయేది. కనుక బట్టే గతి. ఉతికే పని నా భార్యది, ఆరవేసే పని నాది. ముప్పై నాలుగేళ్ళు నల్లగొండ, రంగారెడ్డి జిల్లాల బడుల్లో పిల్లల చేత సంధులు విడదీయించి 2017లో పదవీ విరమణ చేసినవాడికి బాల్కనీ తాళ్ళ మీద పక్కగుడ్డలను ఒకదానికొకటి తగలకుండా వేయడం ఒక కొత్త ఛందస్సు. గణాలు తప్పకూడదు.

2023 జులై చివరి వారం తెలంగాణలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. హైదరాబాదులో అంత లేకున్నా వాన తెరిపి ఇవ్వలేదు, బడులకు సెలవులిచ్చారు. సరిగ్గా ఆ వారంలోనే మా డ్రయరు ఆగింది. మీట తిప్పితే 'ఊఁ...' అని ఒక దీర్ఘమైన మూలుగు. బుట్ట మాత్రం కదలదు.

ఒక సేవాకేంద్రానికి ఫోను చేశాం. మరునాడు వచ్చిన మనిషి మూత తెరిచి, మీట తిప్పి, మూలుగు విని, వెనుక రేకు విప్పకుండానే మోటారు కాలిపోయిందన్నాడు. పాత మోడలు కనుక కొత్త మోటారు తెప్పించడానికి పది రోజులు పడుతుందనీ, దాని బదులు కొత్త యంత్రం కొనుక్కోవడం మేలనీ చెప్పి, వచ్చినందుకు రుసుము తీసుకొని వెళ్ళిపోయాడు. మా అబ్బాయి బెంగళూరు నుంచి ఫోనులోనే కొత్తది బుక్ చేస్తానన్నాడు. వానల వలన అది చేరడానికీ వారం పడుతుందని తేలింది.

ఆ మూడు రోజులూ దుప్పట్లను నేనూ నా భార్యా చెరొక కొసా పట్టుకొని వ్యతిరేక దిక్కులకు మెలిపెట్టి పిండాం. దుప్పటిని ఒక్కరే పిండలేరు. రెండవ కొసను ఎవరో ఒకరు పట్టుకోవాలి. లేకపోతే ఎంత బలమున్నా మెలిక పడదు. ఆమెకు కుడి మణికట్టు నొప్పి పాతది. రెండవ రోజుకు గ్లాసు పట్టుకోలేకపోయింది.

మూడవ నాటి సాయంత్రం అమ్మ మంచం పక్కన ఉన్న స్టీలు చెంబును తీయబోతే బరువుగా తగిలింది. ఉదయం నింపినది నింపినట్టే ఉంది. నిన్నటి సంగతి అడిగితే నా భార్య కూడా అదే చెప్పింది: టీ రెండు గుక్కలు, మజ్జిగ అన్నంలో కలిపినంత, అంతకు మించి అత్తమ్మ ఏమీ తాగడం లేదట. అమ్మ పెదవులు ఎండి పొక్కు కట్టాయి. ఎందుకమ్మా నీళ్ళు తాగడం లేదు అని అడిగాను. ఆమె గోడ వైపు చూస్తూ చెప్పిన మాట ఇది:

"తాగితే మళ్ళ పక్క తడుస్తది గద బిడ్డా. గీ వానల ఎట్ల ఆరుతయి? కోడలు చేతులు పడిపోతున్నయి."

వృద్ధులలో నీరు తగ్గితే మూత్రకోశానికి ఇన్‌ఫెక్షన్ సోకడం, మాట తడబడడం, మగతలోకి జారిపోవడం ఎంత త్వరగా జరుగుతాయో ఆ ముందు ఏడాది వైద్యులు మాకు విడమరచి చెప్పారు. ఆ క్షణం నుంచి డ్రయరు మా ఇంట్లో ఒక వస్తువు కాకుండా పోయింది. చెప్పులు వేసుకొని, గొడుగు పట్టుకొని, మెట్రో స్తంభాల కింద నుంచి పంజగుట్ట దాకా నడిచాను. అమీర్‌పేట తరువాత స్టేషను అదే గనుక రైలెక్కవచ్చు. కానీ నాకు కావలసిన దుకాణం రెంటికీ మధ్య ఏదో సందులో ఉందని తప్ప ఆనవాలు తెలియదు. మిక్సీలు, నీటి మోటార్లు, ఫ్యాన్లు గుట్టగా పోసుకొని రాగితీగ చుట్టే ఒక పిల్లవాడి దుకాణం. దొరికింది. సంగతి చెప్పాను. యంత్రం గురించి కాక ముందుగా అమ్మ గురించే చెప్పానని తరువాత తట్టింది. అతను షట్టరు సగం దించి, సంచీ భుజాన వేసుకొని, "నడువుండ్రి సార్" అన్నాడు.

అతని పద్ధతి నేను శ్రద్ధగా చూశాను. జీవితమంతా బల్లకు ఇవతల నిలబడి చెప్పినవాడికి అవతల నిలబడి నేర్చుకునే అవకాశం అరుదు. మొదట అతను మీట తిప్పి, మూలుగు విని, వెంటనే కట్టేసి, ప్లగ్గు ఊడబెరికాడు. పంపిణీలో కరెంటు లేకపోయినా కండెన్సరులో నిలవ ఉంటుందని చెప్పి, వెనుక రేకు విప్పి, రెండు తీగల హోల్డరుకు బిగించిన బల్బును దాని కొసలకు తాకించి నిలవను దించేశాడు. ఆ తరువాత ముక్కు మోటారు దగ్గర పెట్టి వాసన చూశాడు. నన్నూ చూడమన్నాడు.

"ఎవరు చెప్పిన్రు సార్ మోటర్ కాలిందని? కాలిన మోటర్ వాసన దాస్తదా?"

వాసన లేదు. మల్టీమీటరు తీశాడు. పిండే మోటారు నుంచి మూడు తీగలు వస్తాయి. వాటిని రెండేసి చొప్పున మూడు జతలుగా కొలవాలి. మూడు కొలతల్లో పెద్దది మిగిలిన రెండింటి మొత్తానికి సరిపోతే వైండింగు తెగలేదని అర్థం. పెద్ద కొలత వచ్చిన జతలో లేని మూడవ తీగే ఉమ్మడి తీగ. లెక్క సరిపోయింది. తరువాత ఒక్కో తీగకూ మోటారు ఇనుప ఒంటికీ మధ్య చూశాడు. అక్కడ ఏ సంబంధమూ ఉండకూడదు, లేదు కూడా. అంటే మోటారు నిక్షేపంగా ఉంది.

మరి ఎందుకు తిరగదు? ఇళ్ళకు వచ్చే కరెంటు ఒకే ఫేజు. దాని వల్ల పుట్టే అయస్కాంత క్షేత్రం ముందుకూ వెనక్కూ కొట్టుకుంటుందే తప్ప చుట్టూ తిరగదు. నిలిచి ఉన్న ఇరుసును ఏ దిక్కుకు నెట్టాలో దానికి తెలియదు. అందుకని రెండవ వైండింగు ఒకటి పెట్టి, దానికి కండెన్సరు తగిలిస్తారు. కండెన్సరు ఆ రెండవ దారిలోని కరెంటును కాలంలో కొంచెం ముందుకు జరుపుతుంది. రెండూ ఒకదాని వెంట ఒకటి లాగడంతో క్షేత్రం గిరగిర తిరుగుతుంది, ఇరుసు దాన్ని వెంబడిస్తుంది. నికోలా టెస్లా 1888లో పేటెంటు పొందిన మోటార్ల మూలసూత్రం ఇదే. అతను చెబుతుంటే నాకు మా దుప్పటే కనిపించింది. రెండవ కొసను పట్టుకునేవారు లేకపోతే మెలిక పడదు.

ఆ రెండవ కొసను పట్టుకోవలసిన కండెన్సరు మా యంత్రంలో చేతులెత్తేసింది. దాని మీద 5 మైక్రోఫారడ్లు అని ఉంది. మీటరు 2 కన్నా తక్కువ చూపింది. సంచీలోంచి కొత్తది తీసి బిగించాడు. బుట్ట తిరిగింది. అక్కడితో డబ్బు తీసుకొని వెళ్ళిపోయినా మేము దీవించే పంపేవాళ్ళం. అతను వెళ్ళలేదు. రెండు నిమిషాలు తిప్పి, ఆపి, మోటారు మీద చెయ్యి పెట్టి, ఇంత వేడి ఎక్కకూడదన్నాడు.

డ్రయరు మూతకు రెండు పనులుంటాయి. మూత ఎత్తితే మీట దగ్గర కరెంటు తెగాలి. అదే సమయంలో ఒక తీగ వదులై, కింద ఇరుసు చక్రాన్ని బ్రేకు దిమ్మ పట్టుకోవాలి. మూస్తే ఆ తీగ బిగిసి దిమ్మ పక్కకు తప్పుకోవాలి. మా యంత్రంలో తొమ్మిదేళ్ళకు ఆ తీగ సాగిపోయి, మూత మూసినా దిమ్మ పూర్తిగా తప్పుకోవడం లేదు. చక్రం చుట్టూ నల్లగా ఒరుపు గీత పడింది. అంటే ఎన్నో నెలలుగా మా మోటారు ఒక కాలితో పరిగెత్తుతూ ఒక కాలితో తన్నుకుంటున్నది. ఆ వేడికే కండెన్సరు క్షీణించి ఉంటుందని అతని అభిప్రాయం. తీగను రెండు గీతలు బిగించాడు. వేడి తగ్గింది.

ఇంకొకటి కూడా చూపించాడు. మోటారు నెత్తిన సన్నని తుప్పు చార. బుట్ట ఇరుసు తొట్టి అడుగు నుంచి దిగే చోట నీరు కారకుండా ఒక రబ్బరు సీలు ఉంటుంది. మా బోరు నీళ్ళలోని ఉప్పుకు అది గట్టిపడి చిట్లింది. బొట్టు బొట్టుగా నీరు మోటారు మీదకు దిగుతోంది. ఇది ఇవాళ ఆపదు గానీ ఆరు నెలల్లో నిజంగానే మోటారును కాలుస్తుందన్నాడు. మరునాడు మెట్రోలో ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషను దాకా పోయి, కోఠి గుజరాతీ గల్లీలో వెదికి సీలు తెచ్చి వేశాడు. మొత్తం కలిపి అతను పుచ్చుకున్నది ఆ సేవాకేంద్రం మనిషి రుసుము కన్నా ఓ రెండు వందలు ఎక్కువ.

వ్యాకరణంలో శబ్దం ముందు, అర్థం వెనుక. ఈ విద్యలోనూ అంతేనని అతను చెప్పిన వాటిని కూడగట్టుకుంటే తెలుస్తుంది. అసలు శబ్దమే లేకపోతే దోషం సాధారణంగా మోటారుకు ముందే ఉంటుంది: ప్లగ్గు, గడియారపు మీట, మూత కింది స్విచ్చి, కింది నుంచి దూరిన ఎలుక కొరికిన తీగ, లేదా వేడికి తెగిపోయిన రక్షణ ఫ్యూజు. మూలుగు ఉండి కదలిక లేకపోతే, ప్లగ్గు తీసి, బ్రేకు తీగను లాగి పట్టుకొని, బుట్టను చేత్తో తిప్పి చూడాలి. తేలికగా తిరిగితే అనుమానం కండెన్సరు మీదకు పోతుంది. తిరగకపోతే బుట్టకూ తొట్టికీ మధ్య ఏ చేతిరుమాలో, పసిపిల్లల మేజోడో చిక్కుకొని ఉండవచ్చు, ఇరుసు తుప్పుపట్టి ఉండవచ్చు, బ్రేకు వదలకపోయి ఉండవచ్చు. తిరుగుతూ దడదడ కొట్టుకుంటే బట్టలు ఒక పక్కకు చేరాయనో, మోటారు కింది స్ప్రింగులో రబ్బర్లో పోయాయనో అర్థం. కాలిన వాసన వచ్చినా, ఎం.సి.బి. పడిపోయినా, తాకితే చెయ్యి జిల్లుమన్నా ఇంక పరీక్షలు వద్దు. ప్లగ్గు తీసి తెలిసినవారిని పిలవాలి. ఒక మాట వోల్టేజి గురించి. ఈ మోటారు ఎత్తుబలం వోల్టేజి వర్గాన్ని అనుసరిస్తుంది. 230 ఉండవలసిన చోట 180 వస్తే బలం అయిదింట మూడు వంతులకు పడిపోతుంది. వేసవి రాత్రుల్లో మూలిగి, తెల్లవారి చక్కగా తిరిగే డ్రయర్ల రహస్యం ఇదే.

మా అమ్మాయి ఇదే అమీర్‌పేటలో ఆరు నెలలు కంప్యూటరు కోర్సు చదివి 2008లో అమెరికా వెళ్ళింది. ఇప్పుడు డాలస్ దగ్గర ఉంటున్నది. అక్కడి డ్రయరు అసలైన డ్రయరు. పెద్ద పీపాలాంటి దాన్ని మోటారు ఒక బెల్టుతో నెమ్మదిగా తిప్పుతుంటే వేడిగాలి పోతూ ఉంటుంది. టెక్సస్‌లో మన రాయలసీమ వంటి ఎండ కాస్తుందట. అయినా తమ కాలనీ సంఘం నిబంధనల ప్రకారం బయట తాడు కట్టి బట్టలు వేయకూడదని చెబితే నేను చాలాసేపు నమ్మలేదు. మా సంగతి విని తన అనుభవం చెప్పింది. వాళ్ళదీ ఒకసారి ఇలాగే మూలిగి ఆగిందట. ఆ మోటార్లలో ఇరుసు వేగం అందుకోగానే దానంతట అదే తెరుచుకునే స్విచ్చి ఒకటి ఉంటుంది. మోటారు తిరుగుతున్నదని తేలితేనే వేడి తీగకూ కరెంటు అందేటట్టు దాని అమరిక. బట్టల నుంచి రాలిన నూగు మోటారు చుట్టూ గూడు కట్టడం వలన అది కదలలేదు. నూగు ఊడ్చి శుభ్రం చేస్తే సరిపోయింది. ఆ నూగును పట్టించుకోకపోతే ఇళ్ళు తగలబడిన సందర్భాలు అక్కడ ఉన్నాయట. అక్కడ నూగు, ఇక్కడ ఉప్పునీరు. మోటారును చంపేది రెండు దేశాల్లోనూ మోటారులో లేదు.

కండెన్సరు మార్చిన ఆ సాయంత్రం సంగతి చెప్పి ముగిస్తాను. డ్రయరు గిర్రున తిరిగే చప్పుడు అమ్మ గదిలోకి వినిపిస్తుంది. ఇదివరకు ఆ చప్పుడుకు ఆమె విసుక్కునేది. ఆ రోజు రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఏమీ అనలేదు. మూడవసారి మొదలయ్యాక నా భార్యను పిలిచి, "కొంచెం మంచినీళ్ళియ్యి బిడ్డా" అంది. చెంబు సగం తాగింది. ఆ పిల్లవాడు స్క్రూలు బిగిస్తూ ఇదంతా విన్నాడు, తలెత్తలేదు.

అమ్మ 2024 వేసవిలో వెళ్ళిపోయింది. యంత్రం ఇంకా తిరుగుతున్నది. ఇప్పుడు వారానికి మూడుసార్లు తిప్పితే ఎక్కువ. మీ ఇంట్లో డ్రయరు మూలిగితే ముందుగా మోటారును అనుమానించకండి. వెనుక రేకు విప్పని మనిషి తీర్పును ఒప్పుకోకండి. మూత ఎత్తాక బుట్ట పూర్తిగా ఆగేదాకా పిల్లల్నీ, మీ చేతుల్నీ దూరంగా ఉంచండి. బ్రేకు వదులైన యంత్రం ఆగడానికి చాలాసేపు తీసుకుంటుంది. ఇంట్లో మంచం పట్టిన పెద్దలు ఉంటే, డ్రయరు ఆగిన రోజున వారి పక్కనున్న చెంబును ఒకసారి ఎత్తి చూడండి.